అలారం నోరు నొక్కిందెవరు?

పోయిన వారం పెద్దక్కను పొడుగు డాక్టర్ గది గుమ్మంలో నిలబెట్టి వచ్చేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. ఆవిడ లోపలికి అడుగు పెట్టేలోగా జరిగిన కథ రెండు ముక్కల్లో చెప్పుకుందాం.

అంటురోగుల వార్డులో పన్నెండు మంచాలు. పెద్దక్క అక్కడ హెడ్ నర్సు. అందరికీ పెద్దక్కే, తనకన్నా వయసులో పెద్దవాళ్ళకి కూడా. ఎనిమిది రోజుల కిందట పదో మంచం మీది కండక్టరు, మర్నాడు మామూలు వార్డుకి మారాల్సినవాడు, మధ్యాహ్నం రెండింటికి ఊపిరందక పోయాడు. నాలుగు రోజుల తర్వాత పదకొండో మంచం మీది దర్జీ. అతనూ కోలుకుంటున్నవాడే, అదీ మధ్యాహ్నం రెండింటికే. నిన్న అదే వేళకి పన్నెండో మంచం మీద ఉన్న ముసలావిడ ప్రాణం మీదికి వచ్చి, ఎలాగో వెనక్కి మళ్ళింది. ఆవిడ ఎవరో కాదు, పెద్దక్క అత్తగారు. ఈ రోజు ఒంటిగంటకి పది నిమిషాల ముందు పొడుగు డాక్టర్ కబురు పంపాడు, ఒక్కరే రమ్మని.

ఇక లోపలికి వెళదాం.

"తలుపు వేసి రండి సిస్టర్."

పెద్దక్క తలుపు వేసింది. డాక్టర్ కుర్చీలో కూర్చున్నా నిలబడ్డవాళ్ళంత ఎత్తు. బల్ల మీద మూడు పొడవాటి కాగితాలు, పాములు పడుకున్నట్టు పక్కపక్కనే పరిచి ఉన్నాయి. మానిటర్ జ్ఞాపకం పెట్టుకున్నదంతా అచ్చయి వచ్చే కాగితాలవి. గుండె, ఊపిరి, రక్తంలో ఆక్సిజన్, నిమిషం నిమిషానికి.

"కూర్చోండి."

"ఫరవాలేదండీ. రౌండ్‌లో ఉండగా వచ్చాను."

"నిలబడి వినే మాట కాదు."

పెద్దక్క కూర్చుంది. డాక్టర్ పెన్ను మొనతో మొదటి కాగితం మీద ఒక చోట పొడిచాడు.

"కండక్టర్. రెండు గంటల ఒక నిమిషానికి ఆక్సిజన్ పడిపోవడం మొదలైంది. తొంభై నాలుగు, ఎనభై ఆరు, డెబ్బై నాలుగు. తొంభై దాటి కిందికి దిగగానే అలారం మోగాలి. మోగలేదు. ఎందుకో చెప్పండి."

"మిషన్ పాడై ఉండొచ్చు."

"పాడవలేదు. బయట కౌంటర్ దగ్గర మీట నొక్కి అలారాలన్నీ ఆపేశారు. సరిగ్గా రెండింటికి. రెండో కాగితం చూడండి, దర్జీ. అదే వేళ, అదే మీట. మూడోది మీ అత్తగారు." డాక్టర్ పెన్ను కింద పెట్టాడు. "నా వార్డులో ఎవరో రోజూ అలారం నోరు నొక్కేస్తున్నారు సిస్టర్. ఆ చెయ్యి ఎవరిది?"

ఆ చెయ్యి ఎవరిదో పెద్దక్కకి తెలుసు. అది తన చెయ్యే.

ఇదెలా మొదలైందో చెప్పాలంటే మూడు నెలలు వెనక్కి వెళ్ళాలి. లోపల డ్యూటీ చేసేవాళ్ళు తల నుంచి కాలిదాకా తెల్ల కిట్టు తొడుక్కుంటారు. చెవుల మీద రెండు పొరలు. లోపలి కాగితం ముక్క కూడా బయటికి రాకూడదు. అందుకని షిఫ్టు మారేటప్పుడు లోపలివాళ్ళు గాజుగోడకి అటు, బయటివాళ్ళు ఇటు నిలబడి, ఫోన్‌లో ఒక్కో మంచం సంగతీ నోటితో అప్పగించుకోవాలి. పన్నెండు మానిటర్లు పన్నెండు రకాలుగా కూస్తుంటే ఏ మాటా చెవిన పడదు. అలా ఒకసారి, ఒక రోగికి మందు ఒకరేశారని ఒకరనుకుని ఇద్దరూ వేయలేదు. అతను పోతూ పోతూ బతికాడు. ఆ రోజే పెద్దక్క ఒక పద్ధతి పెట్టింది. అప్పగింత మొదలు కాగానే కౌంటర్ దగ్గర ఒక మీట నొక్కాలి. రెండు నిమిషాల పాటు అలారాలన్నీ గప్‌చిప్. ఆ తర్వాత వాటంతటవే గొంతు తెచ్చుకుంటాయి. అప్పటి నుంచి ఒక్క మందూ తప్పలేదు. రాతలో ఎక్కడా లేదు, ఎవరి అనుమతీ అడగలేదు.

చెప్పక తప్పలేదు. చెప్పేసింది.

డాక్టర్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"అంటే మీరే."

"నేనే పెట్టిన పద్ధతి. కానీ డాక్టర్‌గారూ, ఆ మీట అలారాన్ని ఆపుతుంది, ఆక్సిజన్‌ని కాదు. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం రెండింటికి, రాత్రి పదింటికి, రోజుకి మూడుసార్లు నొక్కుతున్నాం. మూడు నెలల్లో ఎవరికీ ఏమీ కాలేదు. ఈ ఎనిమిది రోజుల్లోనే ఎందుకయింది? మధ్యాహ్నమే ఎందుకు? ఆ చివరి మూడు మంచాలే ఎందుకు?"

"అదే నేనూ అడుగుతున్నాను. ఆ రెండు నిమిషాలు ఎవరికీ ఏమీ వినపడదని తెలిసినవాళ్ళు ఎవరో, ఆ రెండు నిమిషాల్లో ఏదో చేస్తున్నారు." డాక్టర్ గొంతు తగ్గించాడు. "మీకూ మీ అత్తగారికీ పడదటగా?"

పెద్దక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఎవరన్నారు?"

"వార్డంతా అనుకుంటున్నారు."

"మా ఇంట్లో కూర మాడితే వార్డుకెందుకండీ వాసన? మా అత్తగారు నన్ను పదహారేళ్ళుగా సాధిస్తోంది. చంపాలనుకుంటే పదహారేళ్ళు ఆగుతానా?" అనేశాక గాని, ఈ గదిలో ఆ మాట ఎంత చెడ్డగా వినపడుతుందో ఆవిడకి తెలియలేదు. నాలుక్కరుచుకుని కాగితాల వైపు చూసింది. మొదటి కాగితం అడుగున అచ్చుతీసిన తేదీ ఉంది. కండక్టర్ పోయిన రోజు తేదీ.

"ఇది మీరు ఎనిమిది రోజుల కిందటే తీశారు."

డాక్టర్ కాగితం తన వైపు లాక్కున్నాడు.

"ఎనిమిది రోజులు సొరుగులో పెట్టుకుని కూర్చున్నారా? అప్పుడే నన్ను పిలిచి అడిగి ఉంటే దర్జీ బతికేవాడేమో కదా?"

"ఒక్కసారి జరిగితే మన ఖర్మ అనుకుంటాం సిస్టర్. రెండోసారి భయపడ్డాను. మూడోసారి..." ఆయన కాగితాలు మడిచాడు. "ఇవాళ్టి నుంచి ఆ మీట ఎవరూ నొక్కరు. కౌంటర్ దగ్గర నేనే నిలబడతాను. మీరు వార్డులోకి వెళ్ళడానికి వీల్లేదు. సాయంత్రం పెద్దవాళ్ళతో కమిటీ కూర్చుంటుంది. అప్పటిదాకా మీరు అనుమానంలో ఉన్నట్టే."

"మరి మీరో?"

"నేనూ ఉన్నట్టే అనుకోండి. నాకేం అభ్యంతరం లేదు."

గదిలోంచి బయటికి వచ్చాక పెద్దక్కకి భయం పట్టుకుంది. కమిటీ గురించి కాదు. రెండింటికి ఇంకా గంట కూడా లేదు. పన్నెండో మంచం మీద అత్తగారు ఉంది. ఆ పక్కన నిలబడే హక్కు తనకి లేదు.

వార్డుకి, నడవాకి మధ్య గాజుగోడ. దానికి ఇవతల ఒక ఫోను. అవతల ఒక ఫోను, ప్లాస్టిక్ సంచిలో చుట్టి, మంచాల మధ్య చేత్తో పట్టుకు తిరిగేది. లోపల ముగ్గురు తెల్ల బొమ్మలు అటూ ఇటూ కదులుతున్నాయి. పెద్దక్క ఫోన్ ఎత్తగానే వాటిలో పొట్టిది గబగబా వచ్చి తీసింది. పిచ్చుక. ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. నోరు మూతపడదు కాబట్టి ఆ పేరు.

"పెద్దక్కా, మిమ్మల్ని సస్పెండ్ చేశారటగా!"

"నీకప్పుడే ఎవరు చెప్పారే?"

"అందరూ అంటున్నారు."

అందరూ అంటే ఎవరో ఈ ఆసుపత్రిలో ఎవరికీ తెలియదు. పెద్దక్క పిచ్చుక కళ్ళలోకి చూసింది. అద్దాల వెనక ఆవిరి పట్టి ఏమీ కనిపించలేదు. నిన్నటిదాకా కూతురిలా చూసుకున్న పిల్ల. ఇవాళ ఆ పిల్ల చేతులు ఎక్కడున్నాయో చూసుకోవాల్సి వస్తోంది.

"అత్తయ్యకి ఫోనియ్యి."

పిచ్చుక వెళ్ళి ముసలావిడ చెవి దగ్గర ఫోన్ పెట్టింది. గాజులోంచి దూరంగా, మాస్కు కింద సగం ముఖం, దాని పైన రెండు చురుకైన కళ్ళు కనిపించాయి.

"ఎలా ఉంది అత్తయ్యా?"

"నీ పెళ్ళినాటి చీరలా ఉంది. చూడ్డానికి బాగానే ఉంది, ముట్టుకుంటే చిరిగేలా ఉంది." రెండు మాటలకోసారి ఆగి ఊపిరి తీసుకుంటోంది గానీ వెటకారానికి మాత్రం లోటు లేదు. "నా కొడుకు తిన్నాడా?"

"తిన్నారు. అత్తయ్యా, ఒక్క సంగతి గుర్తు చేసుకుని చెప్పండి. నిన్న మీకు ఊపిరి ఆడనప్పుడు, దానికి ముందు ఎవరైనా మీ దగ్గరికి వచ్చారా? గోడ మీద మీట తిప్పారా?"

"ఎవరొచ్చారో నాకేం తెలుస్తుంది? అందరూ బస్తాల్లో దూరి తిరుగుతుంటే! నువ్వో, దెయ్యమో. అయినా ఎవరూ ఏమీ తిప్పలేదు. ఆ సీసా చచ్చిపోయింది ముందు."

"ఏ సీసా?"

"నా తల దగ్గర గోడకుంది చూడు, నీళ్ళ సీసా. పొద్దస్తమానం గుడగుడలాడుతుంది. దాన్ని చూస్తూ పడుకుంటా, ఇంకేముంది ఇక్కడ చూడ్డానికి, నీ ముఖమా? నిన్న అది ఉన్నట్టుండి బుడగలు మానేసింది. ఇదేమిటే అనుకున్నా. ఆ తర్వాత నా రొమ్ము మీద ఎవరో కూర్చున్నట్టయింది."

గోడ గొట్టంలోంచి వచ్చే ఆక్సిజన్ ఆ సీసాలో నీళ్ళ గుండా పొంగి, తడిసి, రోగికి చేరుతుంది. బుడగలు ఆగాయంటే గొట్టంలోనే గాలి లేదన్నమాట.

"మీ సీసా ఒక్కటేనా అత్తయ్యా? పక్క మంచాలవి?"

"పక్క మంచం పంతులమ్మదీ ఆగింది. ఆవిడ కాస్త గట్టిది, తట్టుకుంది. ఆ పక్కది నాకు కనపడదు. ఎందుకే, ఇంత కూపీ? పోలీసువా?"

"ఏమీ లేదు. మీరు పడుకోండి."

"కోడలా." ముసలావిడ గొంతు మారింది. "నన్ను ఇక్కడి నుంచి ఇంకో మంచానికి మార్చలేవూ? నాకు భయంగా ఉంది."

పదహారేళ్ళలో అత్తగారి నోట ఆ మాట పెద్దక్క వినలేదు. "మారుస్తాను అత్తయ్యా. ఒక్క గంట ఓపిక పట్టండి," అని ఫోన్ పెట్టేసి, ఒకటి ముప్పై అయిదు చూపిస్తున్న గోడ గడియారం కింద నుంచి మెట్ల వైపు పరుగు తీసింది.

ఎవరూ మంచం దగ్గర మీట తిప్పలేదు. మంచాల దాకా వచ్చే గొట్టమే ఎండిపోయింది. గొట్టం చివర ఉన్న మూడు మంచాలకీ ముందుగా ఎండింది. ఆ గొట్టం మొదలు ఎక్కడుందో పెద్దక్కకి తెలుసు.

ఆసుపత్రి వెనక, జనరేటర్ షెడ్డుకి ఆనుకుని గ్యాస్ గది. రేకుల కప్పు, ఇనప తలుపు. లోపల మనిషంత ఎత్తు సిలిండర్లు ఎడమ గోడకొక వరస, కుడి గోడకొక వరస, గొలుసులు కట్టి నిలబెట్టి ఉన్నాయి. ఎడమ వరస అయిపోవస్తే కుడి వరసకి మార్చాలి, కుడిది అయిపోతే ఎడమకి. ఆ మార్చే మనిషి సిలిండర్ బాబాయి. ముప్పై ఏళ్ళుగా ఆ గదిలోనే. సిలిండర్ని వేలితో కొట్టి, శబ్దాన్ని బట్టి ఎంత మిగిలిందో చెప్పగలడని పేరు.

పెద్దక్క వెళ్ళేసరికి ఆయన స్టూలు మీద కూర్చుని పానా తుడుచుకుంటున్నాడు.

"రా తల్లీ, రా. నువ్వే దిగొచ్చావేమిటి? ఫోన్ చేస్తే సరిపోయేదిగా."

"బాబాయ్, నువ్వింకా వరసలు మారుస్తున్నావా? ఎప్పుడు?"

"ఎప్పుడేమిటి? ఇప్పుడే. రెండింటికి." ఆయన ముఖంలో ఏ దాపరికమూ లేదు. "ఇంకో పావుగంట ఉందిలే."

"నువ్వెప్పుడూ పదకొండింటికి కదా మార్చేది? డాక్టర్లందరూ వార్డులో ఉండగా. మార్చే ముందు మాకు ఫోన్ చేసేవాడివి. మేం చివరి మూడు మంచాలకీ చిన్న సిలిండర్ తగిలించేవాళ్ళం."

"అవును. ఈ పాత మర సంగతి తెలిసిందేగా. ఎడమది పూర్తిగా మూస్తే గాని కుడిది తెరుచుకోదు. నిమిషంన్నర పడుతుంది. ఆ నిమిషంన్నరా చివరి మంచాలకి గాలి అందదు."

"మరి ఈ ఎనిమిది రోజులూ మాకు ఎందుకు ఫోన్ చేయలేదు?"

సిలిండర్ బాబాయి పానా తుడవడం ఆపాడు. పెద్దక్కని ఎగాదిగా చూశాడు.

"నువ్వే కదమ్మా వద్దన్నావు?"

"నేనా!"

"నీకేమైనా ఒంట్లో బాగాలేదా? రోజూ నువ్వేగా ఫోన్ చేస్తున్నావు. 'బాబాయ్, పదకొండింటికి రౌండ్లో ఇబ్బందవుతోంది, ఇక నుంచి రెండింటికి మార్చు. చిన్న సిలిండర్లు మేమే ముందుగా తగిలించి నీకు చెబుతాం, నువ్వు మళ్ళీ ఫోన్ చేసి విసిగించకు' అన్నావు. అన్నట్టే రోజూ రెండింటికి ముందు చేస్తున్నావు. తగిలించామంటావు. నేను మారుస్తాను."

"బాబాయ్, ఒట్టు. నేను ఒక్కసారి కూడా చేయలేదు."

"అయితే పదకొండింటికి నా ఫోన్ మానేస్తే నువ్వెందుకు అడగలేదు?" ఈసారి ముసలాయన గొంతులో అనుమానం చేరింది. "ముప్పై ఏళ్ళుగా చేస్తున్న ఫోన్ ఆగిపోతే ఎవరైనా అడుగుతారుగా. నువ్వు అడగలేదంటే వద్దన్నది నువ్వేనన్నట్టేగా."

"కొత్త ట్యాంకు బిగించారని, ఇక వరసలు మార్చే పని లేదని మా బోర్డు మీద కాగితం అంటించారు. గ్యాస్ గది ముద్ర కూడా ఉంది దాని మీద. అందుకే అడగలేదు."

"ట్యాంకా?" సిలిండర్ బాబాయి నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "ట్యాంకు ఎక్కడమ్మా? దానికింకా దిమ్మె కూడా కట్టలేదు. ముద్రంటావా, అది ఇదిగో ఈ సొరుగులో పడుంటుంది. తాళం లేదు. ఎవరు రాలేదు ఈ గదిలోకి? ఎండకి అందరూ ఇక్కడికే నీడకొస్తారు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. ఈయన అబద్ధమాడుతున్నాడేమో అని ఆవిడ. ఈవిడ మతి పోయిందేమో అని ఆయన. కండక్టర్, దర్జీ చచ్చిపోయింది తన చేతి మీదుగానే అన్న సంగతి ముసలాయనకి అప్పుడు మెల్లగా ఎక్కింది. చేతిలో పానా నేల మీద పడి ఖంగుమంది.

"అయ్యో. అయ్యో తల్లీ. నేనా చంపింది?"

"నువ్వు కాదు బాబాయ్. నువ్వు మూశావు, నేను అలారాలు ఆపాను. మన ఇద్దరి చేతులూ ఎవరో వాడుకున్నారు. ఇవాళ మార్చకు. డాక్టర్‌గారిని ఇక్కడికి పిలిపించేదాకా ఆ మర మీద చెయ్యి వెయ్యకు. ఎడమ వరసలో ఎంతుంది?"

"సాయంత్రం దాకా వస్తుంది."

పెద్దక్కకి ప్రాణం లేచొచ్చినట్టయింది. గొట్టంలో గాలి ఆగదు. కౌంటర్ దగ్గర డాక్టర్ ఉన్నాడు, అలారాలూ ఆగవు. ఇక చేయాల్సిందల్లా గ్యాస్ గది ఫోన్ ఎత్తి ఆయనతో మాట్లాడ్డమే. గోడకున్న ఆ నల్ల ఫోన్ వైపు ఆవిడ చెయ్యి చాచింది.

చెయ్యి తగలకముందే అది మోగింది.

సిలిండర్ బాబాయి గడియారం చూశాడు. రెండుకి ఎనిమిది నిమిషాలు. "రోజూ ఈ టైముకే," అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా.

"తియ్యి. రోజూ మాట్లాడినట్టే మాట్లాడు." పెద్దక్క ఆయన పక్కకి చేరి, రిసీవర్‌కి తన చెవి కూడా ఆనించింది.

"హలో, బాబాయ్. నేను, పెద్దక్కని."

మాస్కు వెనక నుంచి వస్తున్న ఆడ గొంతు. ముద్దగా, తొందరగా. పొరల్లోంచి వస్తే ఎవరి గొంతైనా ఎవరిదైనా కావచ్చు. "బాబాయ్" అనేటప్పుడు చివర కాస్త లాగడం మాత్రం అచ్చం తను లాగినట్టే. తన గొంతుతో వేరొకరు మాట్లాడుతుంటే పెద్దక్క చెవిని రిసీవర్‌కి ఇంకా ఒత్తింది.

"చెప్పమ్మా," అన్నాడు ముసలాయన.

"ఇవాళ కాస్త ముందుగానే కానిచ్చెయ్యి. చిన్న సిలిండర్లు తగిలించాం. మూసేశావా?"

సిలిండర్ బాబాయి పెద్దక్క వైపు చూశాడు. ఆవిడ తలూపింది. అవునని చెప్పు.

"ఆఁ. మూసేశా తల్లీ. ఇక కుడిది తెరవాలి."

ఆ గొంతు చాలా మెత్తగా, చంటిబిడ్డని జోకొట్టేటంత మెత్తగా అంది.

"అప్పుడే తెరవకు బాబాయ్. నేను చెప్పేదాకా ఆగు."

పెద్దక్క ముసలాయన చేతిని తన చేత్తో గట్టిగా పట్టుకుంది. అవతల ఇంకేదో వినిపిస్తోంది. సన్నగా, ఆగకుండా, నీళ్ళలో బుడగలు పొంగుతున్న చప్పుడు. మనిషి మంచం పక్కనే నిలబడి మాట్లాడుతోంది. బుడగలు ఆగలేదని ఇంకాసేపట్లో తనే చూసుకుంటుంది.

అప్పుడు ఆ చప్పుడు వెనక నుంచి, ఆగి ఆగి ఊపిరి తీసుకుంటూ, ఒక ముసలి గొంతు వినపడింది.

"వచ్చావా కోడలా? ఎవరితోనే ఆ మాటలు? ముందిటు వచ్చి నా దిండు సరిచెయ్యి."

"వస్తున్నా అత్తయ్యా," అంది ఫోన్‌లో గొంతు.